స్టార్ట్ మెనూ మీద హక్కు ఎవరిది?

2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ తయారుచేసిన విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా మరో ఏడాది పొడిగింపు ఉంది. కానీ రోజూ ఊళ్లోవాళ్ల ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాలు, కుల ధ్రువీకరణ పత్రాలు స్కాన్ చేసే మాలాంటి దుకాణాలు గడువు చివరి రోజు దాకా ఆగకూడదు. అందుకే మేం విండోస్ 11కి మారాం. ఆ నిర్ణయం సరైనదేనని గట్టిగా నమ్ముతున్నాను. ఇతరుల కాగితాలు మన యంత్రంలో ఉన్నప్పుడు "మాకు పాతదే బాగుంది" అని కూర్చునే హక్కు మనకు లేదు.

నా అభ్యంతరం వేరే ఉంది. మాకు కావలసింది భద్రత. దానితో కలిపి వచ్చింది కొత్త స్టార్ట్ మెనూ, అంటే ప్రోగ్రాంలను వెతికి తెరిచే పలక. కంప్యూటర్‌లోకి దొంగలు చొరబడకుండా చూసే పనికీ, నేను రోజూ తెరిచే ప్రోగ్రాం బొమ్మ తెర మీద ఏ చోట ఉండాలన్న విషయానికీ ఏ సంబంధమూ లేదు. ఒకటి తీసుకోవాలంటే రెండోది కూడా తీసుకోక తప్పదన్నట్టు రెండింటినీ ముడివేశారు. ఈ ముడి విప్పాలన్నదే నా వాదన. ఇది కొత్తదనం మీద కోపంతో అంటున్న మాట కాదు. వేరుచేయడం సాధ్యమేనని, ఒకప్పుడు వాళ్లే చేసి చూపించారని తెలిసి అంటున్నాను.

మాది ఒక చిన్న పట్టణంలో డీటీపీ, జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం. శుభలేఖలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు ఊరి కవుల పుస్తకాలు. మా దగ్గర టైపింగ్ పని చూసే అక్క విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ఈ పనిలో ఉన్నారు. అను అనే తెలుగు ఫాంట్లలో ఆమె టైపు చేస్తుంటే పక్కన నిలబడి చదివి వినిపించేవాళ్లు వెనకబడతారు. ప్రూఫులో ఒత్తు జారినా, దీర్ఘం పోయినా మొదట ఆమె కంటికే దొరుకుతుంది. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతారు. అయితే మెనూలో రాసి ఉన్నది చదివి, అర్థం చేసుకుని, దాన్నిబట్టి నొక్కే అలవాటు ఆమెకు లేదు. ఇన్నేళ్లలో ఆ అవసరమే రాలేదు. పేజీలు కూర్చే పేజీమేకర్ ఎక్కడుందో, స్కానర్ ఎక్కడుందో, ఫొటోలు సరిచేసే ప్రోగ్రాం ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు. ఎడమవైపు కింది మూలకు మౌస్, ఒక క్లిక్, కొంచెం పైకి, ఇంకో క్లిక్. ఆ సమయంలో ఆమె కళ్లు తెర మీద కాకుండా ఎదుట ఉన్న చేతిరాత కాగితం మీద ఉండేవి.

ఇలాంటివాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారో ఏ జిల్లా కేంద్రంలోనైనా ఒక వీధి నడిచి చూస్తే తెలుస్తుంది. మీసేవ కేంద్రాల్లో, దస్తావేజు లేఖరుల దగ్గర, సహకార సంఘాల్లో, విత్తనాల దుకాణాల బిల్లింగ్ బల్లల దగ్గర ఉంటారు. కంప్యూటర్ మీదే బతుకుతారు, ఆ పనిలో నిపుణులు కూడా. కానీ మెనూను చదవరు, చోటుతో గుర్తుపెట్టుకుంటారు. బోర్డు చదవలేని పెద్దాయన బస్టాండులో తన ఊరి బస్సు ఆగే చోటికి ఎవరినీ అడగకుండా వెళ్లి నిలబడినట్టే ఇదీ. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు కూడా ఏళ్ల తరబడి వాడాక చోటును బట్టే వెళ్తారు. తేడా ఎక్కడ వస్తుందంటే, చోటు మారినప్పుడు ఇంగ్లీషు వచ్చినవాళ్లు చదివి దారి వెతుక్కోగలరు. ఆ రెండో ఆధారం మా అక్కలాంటివాళ్లకు లేదు. కాబట్టి మార్పు అందరికీ ఒకేలా వచ్చినా, దాని బరువు అందరి మీదా ఒకేలా పడదు.

తెలుగులో విండోస్ ఉంది కదా, పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. ఉంది. మెనూలు తెలుగులో చూపించే భాషా ప్యాకు ఎక్స్‌పీ కాలం నుంచీ ఉంది. కానీ చిక్కు వచ్చినప్పుడు ఫోనులో సాయం చేసే మెకానిక్, యూట్యూబులో చూపించే కుర్రాడు, పక్క దుకాణం మిత్రుడు అందరూ ఇంగ్లీషు మెనూనే చూస్తూ చెబుతారు. వాళ్ల తెర మీద ఒక మాట, మన తెర మీద ఇంకో మాట ఉంటే సాయం అందదు. అందుకే దుకాణాల్లో ఎవరూ పెట్టుకోరు. ఇది తెలుగు మీద ప్రేమ లేక కాదు, పని ఆగకూడదని.

ఇక తెర మూల సంగతి. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని అందచందాల గొడవ అనుకుంటున్నారు. ఒక చోటికి చేతిని చేర్చడానికి పట్టే సమయం ఆ చోటు దూరాన్నీ పరిమాణాన్నీ బట్టి ఉంటుందని పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో సూత్రీకరించారు. కంప్యూటర్ తెరకు దీన్ని అన్వయిస్తే మూలలకు ప్రత్యేకమైన విలువ కనిపిస్తుంది. మౌస్‌ను ఎంత విసురుగా తోసినా బాణం తెర అంచు దాటి పోలేదు. మూలలో రెండు అంచులు కలిసి దాన్ని ఆపుతాయి. గురి పెట్టాల్సిన పని లేదు, చూడాల్సిన పని కూడా లేదు. తెర మీద అన్నిటికంటే తేలికగా అందేవి ఆ నాలుగు మూలలే. విండోస్ 95లో స్టార్ట్ బటన్‌కూ అసలు మూలకూ మధ్య సన్నటి ఖాళీ ఉండిపోయింది. సరిగ్గా మూలలో నొక్కితే పనిచేసేది కాదు. తర్వాతి విడుదలల్లో ఆ ఖాళీ తీసేశారు. అంటే మూల విలువ వాళ్లకు తెలియనిది కాదు.

2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11లో ఆ బటన్‌ను టాస్క్‌బార్ అనే తెర కింది పట్టీ మధ్యకు తెచ్చారు. మధ్యకు తేవడం కంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఐకాన్లన్నీ మధ్యలో సర్దుకునేలా అమర్చడం వల్ల, మీరు కొత్త ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా వరుస పెరుగుతుంది. వరుస పెరిగితే స్టార్ట్ బటన్ కొంచెం ఎడమకు జరుగుతుంది. ప్రోగ్రాం మూసేస్తే మళ్లీ కుడికి వస్తుంది. పని చేస్తున్నంతసేపూ అది కదులుతూనే ఉంటుంది. చేతికి నేర్పడానికి స్థిరమైన చోటే లేదు. ఏ పనివాడికైనా పనిముట్టు తను పెట్టిన చోట ఉండాలన్నది మొదటి అవసరం. రోజూ వాడే ఒక బటన్ తన చోటు తానే మార్చుకుంటుంటే, దాన్ని నొక్కే ప్రతిసారీ కళ్లు పని మీది నుంచి పైకెత్తాలి. ఒక్కసారికి అది చిన్న విషయం. పెళ్లిళ్ల కాలంలో రోజంతా చేసేవాళ్లకు చిన్న విషయం కాదు.

ఆ పాత మూల ఖాళీగా కూడా లేదు. ముందుగా అమర్చి వచ్చే పద్ధతిలో అక్కడ వాతావరణం చూపించే బొమ్మ ఉంటుంది. బాణం దాని మీద నిలిస్తే చాలు, వార్తల పలక ఒకటి తెర మీదికి వస్తుంది. పాతికేళ్ల అలవాటు ఉన్న చేయి నేరుగా అక్కడికే వెళ్తుందని ఊహించడం కష్టమేమీ కాదు.

దీనికి మందు ఉంది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అందులో టాస్క్‌బార్ ప్రవర్తన అనే భాగంలో అమరికను ఎడమకు మార్చుకోవచ్చు. మేం మొదట చేసింది అదే. కానీ ఆ మార్గం తెలియాలంటే ఇంగ్లీషులో ఆ వరుసంతా చదవగలగాలి. ఎవరికి ఆ అమరిక ఎక్కువ అవసరమో వాళ్లకే అది దొరకని చోట ఉంది.

"మార్పును ఎప్పుడూ ఇలాగే వ్యతిరేకిస్తారు, 1995లో కూడా ఇలాగే అన్నారు" అనేవాళ్లకు నేను చరిత్రనే సాక్ష్యంగా చూపిస్తాను. విండోస్ 95కు ముందు ప్రోగ్రామ్ మేనేజర్ అని ఉండేది. కిటికీలో కిటికీలు, వాటిలో బొమ్మలు. విండోస్ 95 తయారీ సమయంలో కొత్తవాళ్లను కూర్చోబెట్టి పరీక్షించినప్పుడు, కళ్లకు కనబడకుండా ఉన్న ఒక ప్రోగ్రాంను వెతికి తెరవడానికి పాత పద్ధతిలో సగటున 9.5 నిమిషాలు పట్టిందని ఆ పరీక్షల గురించి మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన కెంట్ సల్లివన్ 1996లో రాసిన పత్రంలో ఉంది. ఒక ప్రోగ్రాం తెరవడానికి అంత సమయం! అది నిజమైన కష్టం. ఆ కష్టాన్ని చూసి తెర కింద మొదట సిస్టమ్, ఫైండ్, హెల్ప్ అని మూడు బటన్లు పెట్టి చూశారు. అయినా జనం కంప్యూటర్ ఆన్ చేసి, ఏం చేయాలో తోచక అలా చూస్తూ ఉండిపోయేవారని, అప్పుడే సిస్టమ్ బటన్ మీద స్టార్ట్ అని రాశారని మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామర్ రేమండ్ చెన్ చెప్పారు.

ఈ కథ నాకు చాలా ఇష్టం. మనుషుల పక్కన కూర్చుని, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో చూసి, దానికి తగ్గట్టు తిరిగి తిరిగి దిద్దారు. ఆ మార్పు పుట్టింది వాడేవాళ్ల కష్టం నుంచి. పైగా, అలవాటు పడినవాళ్లను గాలికి వదిలేయలేదు. పాత ప్రోగ్రామ్ మేనేజర్ ఫైలు విండోస్ 95లోనూ ఉంది. కావాలన్నవాళ్లు దాన్ని తెరిచి పాత పద్ధతిలోనే పని చేసుకోగలిగేవారు.

2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు స్టార్ట్ మెనూ రెండు నిలువు వరుసలుగా మారింది. అప్పుడు కూడా టాస్క్‌బార్ లక్షణాల పెట్టెలో రెండు గుండ్రని గుర్తులు ఉండేవి. ఒకటి కొత్త మెనూకు, ఇంకొకటి పాతదానికి. పాతది ఎంచుకుంటే 95 నాటి రూపం తిరిగి వచ్చేది. 2007 నాటి విస్టాలో కూడా ఆ సౌకర్యం ఉంది. ఎవరైనా "పాతదీ కొత్తదీ రెండూ నిలబెట్టడం సాంకేతికంగా సాధ్యం కాదు" అంటే, ఈ రెండు గుండ్రని గుర్తులను గుర్తుచేయాలి. సాధ్యమే. ఏళ్ల తరబడి చేశారు. 2009లో విండోస్ 7తో ఆ ఎంపిక తీసేశారు. విండోస్ 7 మెనూ ఎక్స్‌పీకి దగ్గరగానే ఉంది కాబట్టి అప్పుడు ఎవరికీ పెద్దగా నొప్పి తెలియలేదు. ఆ నొప్పి మూడేళ్ల తర్వాత తెలిసింది.

2012 అక్టోబర్ 26న వచ్చిన విండోస్ 8లో స్టార్ట్ బటనే లేదు. డెస్క్‌టాప్ బదులు తెర నిండా రంగుల పలకలు. వేలితో తాకే పలక కంప్యూటర్లను దృష్టిలో పెట్టుకుని చేసిన ఆ తెరను, మౌస్‌తో పనిచేసే కోట్ల మంది మీదికి కూడా తెచ్చారు. కంప్యూటర్ ఆపాలంటే బాణాన్ని కుడి మూలకు తీసుకెళ్లాలి, అక్కడ వచ్చే పట్టీలో సెట్టింగ్స్ నొక్కాలి, అందులో పవర్ నొక్కాలి. ఆ మూలలో అలాంటి పట్టీ ఉందని చెప్పే గుర్తు తెర మీద ఎక్కడా లేదు.

అప్పట్లో చెప్పిన కారణం ఇక్కడ ముఖ్యం. స్టార్ట్ మెనూను జనం తెరవడం తగ్గుతోందని, ఇష్టమైన ప్రోగ్రాంలను టాస్క్‌బార్‌కే పిన్ చేసుకుంటున్నారని, అంటే అక్కడే ఎప్పుడూ కనబడేలా ఉంచుకుంటున్నారని, విడుదలకు ముందు 2011లో తాము సేకరించిన వాడకపు లెక్కలు చూపించారు. ఆ లెక్కలు తప్పని నేను అనడం లేదు. కానీ ఎన్నిసార్లు తెరిచారన్నది ఒక లెక్క, తెరవాల్సి వచ్చినప్పుడు అది ఎంత అవసరమన్నది వేరే లెక్క. రోజూ వాడే నాలుగు ప్రోగ్రాంలు టాస్క్‌బార్ మీద ఉంటాయి. నెలకొకసారి వాడే స్కానర్ సెట్టింగులు, ఏడాదికొకసారి కావలసిన పాత ఫాంటు మేనేజర్ ఎక్కడున్నాయో గుర్తులేనప్పుడే మెనూ తెరుస్తాం. దారి తప్పినప్పుడు పట్టుకునే దాన్ని, తక్కువగా పట్టుకుంటున్నారు కాబట్టి తీసేయవచ్చు అనుకోవడం నాకు ఏ కోణంలోనూ సబబుగా కనిపించదు.

ఆ నిర్ణయాన్ని జనమే తిప్పికొట్టారు. ఇవో బెల్చెవ్ అనే ప్రోగ్రామర్ రాసిన క్లాసిక్ షెల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచమంతటా దించుకున్నారు. దానితో విండోస్ 8లో కూడా పాత మెనూ వచ్చేది. మన ఊళ్లలో కంప్యూటర్ బాగుచేసేవాళ్లు కొత్త యంత్రం అమ్మినప్పుడు అడగకుండానే దాన్ని వేసి ఇచ్చేవారు. 2017 డిసెంబర్‌లో ఆయన దాని అభివృద్ధి ఆపేసి కోడ్‌ను అందరికీ అందుబాటులో పెట్టారు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఓపెన్ షెల్ పేరుతో దాన్ని ఇప్పటికీ నిలబెడుతున్నారు. ప్రపంచంలోని అతి పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థకు భారమైన పని, ఖాళీ సమయంలో పనిచేసే కొద్దిమంది చేతుల్లో ఇన్నేళ్లుగా నడుస్తోంది. ఖర్చు గురించి చెప్పే వాదనకు నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు.

విండోస్ బదులు వాడుకోగల లినక్స్ అనే ఉచిత వ్యవస్థలో కేడీఈ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ ఉంది. అందులో మెనూ బొమ్మ మీద కుడి క్లిక్ చేస్తే ప్రత్యామ్నాయాలు చూపిస్తుంది. పలకలుగా కావాలా, పాతకాలం వరుసగా కావాలా, తెర నిండా కావాలా, ఒకటి ఎంచుకుంటే అదే స్థిరపడుతుంది. మరి దానికే మారవచ్చు కదా అంటే, మా పని విండోస్‌లో నడిచే పేజీమేకర్ 7 మీద, అను ఫాంట్ల మీద ఉంది. ఊళ్లోవాళ్ల పాత శుభలేఖలు, అచ్చయిన పుస్తకాల ఫైళ్లు అన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. అవి ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావు. తాత పుస్తకాన్ని మనవడు మళ్లీ అచ్చు వేయించాలని వస్తే తెరవాల్సింది ఆ ఫైలునే. వదిలి వెళ్లలేని చోట ఉన్నవాళ్ల ఇష్టాయిష్టాలను మరింత జాగ్రత్తగా చూడాలి. వాళ్లకు వేరే దారి లేదు కాబట్టి.

2013లో 8.1తో బటన్ తిరిగి వచ్చింది, నొక్కితే మళ్లీ ఆ పలకల తెరే. 2015 జులైలో విండోస్ 10తో మెనూ కూడా తిరిగి వచ్చింది. ఎడమ వరుసలో జాబితా, కుడివైపు పలకలు. ముందే పిన్ చేసి పంపిన ఆటల పలకలను తీసేయాల్సి వచ్చినా, మేం దానికి బాగా అలవాటు పడ్డాం. పలకలను గుంపులుగా చేసి, గుంపులకు పేర్లు పెట్టి, చిన్నవి పెద్దవి చేసుకుని దాన్ని మా దుకాణానికి తగినట్టు అమర్చుకున్నాం. విండోస్ 11కి మారితే ఆ అమరిక రాదు. గుంపుల పేర్లు ఉండవని, విండోస్ 10లో పిన్ చేసుకున్నవి కొత్తదానికి బదిలీ కావని ఆ సంస్థ తానే ప్రకటించిన తొలగింపుల జాబితాలో ఉంది.

ఈ ఒక్క వాక్యం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ఫైళ్లు వస్తాయి, ఫొటోలు వస్తాయి, పాస్‌వర్డులు వస్తాయి. మనిషి తన పనికి తగ్గట్టు ఏళ్ల మీద సర్దుకున్న వరుస మాత్రం రాదు. దాన్ని వాడేవాళ్ల సొత్తుగా లెక్కపెట్టలేదన్నమాట. నా దృష్టిలో అది కూడా ఫైలు లాంటిదే. దాన్ని తయారుచేసింది మేము. అందులో మా పని ఉంది.

ఈ కాలం పిల్లలు ఒక సలహా ఇస్తారు. "మెనూ ఎందుకు? విండోస్ మీట నొక్కి పేరు టైప్ చేస్తే చాలు." నిజమే, అది చాలా మంచి సౌకర్యం. విస్టాలో స్టార్ట్ మెనూలోకి వెతుకులాట పెట్టె వచ్చినప్పుడు నేను చాలా సంతోషించాను. నేను ఇప్పటికీ అలాగే వాడతాను. కానీ అది అందరికీ జవాబు కాదు. పేరు తెలియాలి, ఇంగ్లీషులో దాని వర్ణక్రమం తెలియాలి. కీబోర్డు తెలుగులో ఉన్న సమయంలో మీట నొక్కి టైపు చేస్తే పెట్టెలో పడేవి తెలుగు అక్షరాలు. మళ్లీ వెనక్కి చెరిపి, భాష మార్చి, మొదలుపెట్టాలి. తెలుగూ ఇంగ్లీషూ కలిపి పనిచేసేవాళ్లకు ఇది రోజులో ఎన్నిసార్లు ఎదురవుతుందో ఇంగ్లీషు ఒక్కటే టైపు చేసేవాళ్లకు తెలియదు. పైగా మన కంప్యూటర్‌లో ఉన్నవాటితో పాటు ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ఫలితాలను కూడా అదే పెట్టెలో కలిపి చూపిస్తారు. చోటు ఆధారంగా పనిచేసే మనిషికి, ప్రతి అక్షరానికీ మారిపోయే జాబితా ఏ విధంగానూ సాయం చేయదు.

ఇంతకంటే తీవ్రమైన విషయం సిఫార్సుల భాగం. విండోస్ 11 స్టార్ట్ మెనూలో ఇటీవల తెరిచిన ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. ఒక్కరే వాడే కంప్యూటర్‌లో అది ఉపయోగపడవచ్చు. నలుగురి కాగితాలు తిరిగే చోట ఆలోచించండి. దుకాణాల్లో తెర తరచుగా కస్టమర్ వైపు తిప్పి ఉంటుంది, తమ దరఖాస్తులో పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి కాబట్టి. స్కాన్ చేసిన ఫైళ్లకు మనుషుల పేర్లే పెడతాం. ఫలానా అమ్మాయి ఆదాయ ధ్రువపత్రం, ఫలానావారి ఆస్పత్రి రిపోర్టు. మెనూ తెరిచిన క్షణంలో ముందు వచ్చినవాళ్ల పేర్లు తర్వాత వచ్చినవాళ్ల కళ్ల ముందుంటాయి. చిన్న ఊళ్లలో అందరూ అందరికీ తెలుసు. ఒక ఫైలు పేరు ఒక ఇంటి రహస్యం కావచ్చు.

దీన్ని ఆపవచ్చు. సెట్టింగ్స్‌లో స్టార్ట్ అనే భాగంలో మీట ఉంది. కానీ ఆ ఒక్క మీటకే మూడు విషయాలు కట్టారు. స్టార్ట్ మెనూలో ఇటీవలి ఫైళ్లు ఆపితే, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోనూ, టాస్క్‌బార్ బొమ్మ మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే జాబితాలోనూ కూడా ఆగిపోతాయి. ఆ చివరి జాబితా మాకు నిజంగా పనికొచ్చేది. అయినా వదులుకున్నాం. చాలా కాలం పాటు ఇంకో ఇబ్బంది కూడా ఉండేది. ఆ భాగాన్ని ఆపినా అది పోయేది కాదు. ఖాళీ జాగాను అలాగే ఉంచి, ఫైళ్లు కనబడాలంటే సెట్టింగ్స్‌లో ఆన్ చేయమని అందులో రాసి ఉండేది. 2024 ఏప్రిల్‌లో అదే భాగంలో మైక్రోసాఫ్ట్ స్టోర్ అనే ఆన్‌లైన్ దుకాణంలోని యాప్‌ల సిఫార్సులు కూడా చేర్చారు. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో, మనం పనికోసం తెరిచే మొదటి పలక మీద ప్రకటనకు చోటు ఉండకూడదు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

న్యాయంగా చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. 2025 చివర్లో వచ్చిన సవరణలతో ఈ మెనూ మళ్లీ మారింది. పిన్ చేసినవీ, అన్ని యాప్‌ల జాబితా ఒకే పేజీలో కిందికి జరుపుతూ చూడవచ్చు. అంతకుముందు పూర్తి జాబితాకు ఇంకో క్లిక్ కావాల్సి వచ్చేది. సిఫార్సుల భాగాన్ని ఇప్పుడు పూర్తిగా తీసేయవచ్చు. ఇవి మంచి మార్పులు, వాడేవాళ్లు నాలుగేళ్లు అడిగిన మార్పులు. విండోస్ 8తో వచ్చిన, విండోస్ మీటతో ఎక్స్ నొక్కితే తెరుచుకునే చిన్న మెనూ కూడా బాగుచేసేవాళ్లకు వరం. అయితే అదే సవరణ, పాత విండోస్ 11 మెనూకు అప్పుడప్పుడే అలవాటు పడినవాళ్లకు ఇంకోసారి చోట్లు మార్చింది. మంచి మార్పయినా దాన్ని ఎప్పుడు తీసుకోవాలో వాడేవాళ్లే నిర్ణయించుకోగలగాలి. పెళ్లిళ్ల కాలంలో కాకుండా, కాస్త తీరిక ఉన్న శూన్యమాసంలో.

మా దుకాణంలో చివరికి ఏం చేశామో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. బటన్‌ను ఎడమకు తెచ్చాం. వాతావరణం బొమ్మ తీసేశాం. ముందే పిన్ చేసి ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తొలగించాం. ఆ తర్వాత కుర్చీలో అక్కనే కూర్చోబెట్టాను. ఏది ఏ చోట ఉండాలో ఆమే చెప్పారు, ఆమే జరిపారు. నేను అయితే వాడకాన్ని బట్టి వరుస పెట్టేవాణ్ని. ఆమె పని జరిగే క్రమాన్ని బట్టి పెట్టారు. మొదట స్కానర్, పక్కన ఫొటో సరిచేసేది, తర్వాత పేజీమేకర్, చివర పీడీఎఫ్. కాగితం ఎలా నడుస్తుందో వరుస అలా ఉంది. ఆ అమరిక నాకు తట్టేది కాదు.

ఇంకో పని కూడా చేశాం. మెనూలో చాలా ప్రోగ్రాంల బొమ్మ మీద కుడి క్లిక్ చేసి, ఆ ఫైలు ఉన్న చోటు తెరిస్తే, అక్కడ ఉన్న షార్ట్‌కట్ పేరు మార్చుకోవచ్చు. తెలుగులో కూడా. ఇప్పుడు మా స్టార్ట్ మెనూలో బొమ్మల కింద స్కానింగ్, ఫొటో, శుభలేఖలు అని తెలుగులో ఉన్నాయి. మెనూ మొత్తం తెలుగులోకి మార్చాల్సిన పని లేకుండా, మనకు కావలసిన వాటికి మనం పిలుచుకునే పేర్లు పెట్టుకున్నాం. చోటుతో పాటు చదివే ఆధారం కూడా ఆమెకు దొరికింది. స్టోర్ నుంచి వచ్చే యాప్‌లకు ఇది కుదరదు, మామూలు ప్రోగ్రాంలకు కుదురుతుంది. చోట్లు స్థిరపడ్డాక అక్క వేగం తిరిగి వచ్చింది. కాబట్టి అలవాటు పడటం అసాధ్యమని నేను అనను. అయితే ఆమె చేతిని మార్చుకునే ముందే యంత్రాన్ని ఆమె చేతికి తగ్గట్టు మార్చాం. అదీ వరుస.

మైక్రోసాఫ్ట్‌కు 1998 నుంచీ హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం ఉంది. 2014 నుంచి ఆ సంస్థను నడుపుతున్న సత్య నాదెళ్ల హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివారు. గచ్చిబౌలిలోనూ, అమెరికాలో ప్రధాన కార్యాలయం ఉన్న రెడ్‌మండ్‌లోనూ ఆ సంస్థలో పనిచేస్తున్నవాళ్లలో మన ఊళ్ల పిల్లలు ఉన్నారు. వాళ్లలో ఎవరైనా దీన్ని చదువుతారన్న ఆశతోనే తెలుగులో రాస్తున్నాను. నేను అడిగేవి మూడు. భద్రతా సవరణను, మెనూ మార్పును వేర్వేరు మీటలుగా ఇవ్వండి. ఎక్స్‌పీలో ఇచ్చినట్టు, వెనకటి మెనూను ఎంపికగా ఉంచండి. అప్‌గ్రేడ్ చేసినప్పుడు మనిషి సర్దుకున్న వరుసను కూడా ఫైళ్లతో పాటు తీసుకురండి.

1995కు ముందు చేసిన పరీక్షలను మళ్లీ చేయండి. ఈసారి ఇంగ్లీషు మెనూ చదవనివాళ్లను, అయినా కంప్యూటర్ మీద కుటుంబాన్ని పోషించేవాళ్లను కూర్చోబెట్టండి. హైదరాబాద్ నుంచి ఏ దిక్కుకు బస్సు ఎక్కినా గంటలో అలాంటి దుకాణం ఒకటి వస్తుంది. అడిగితే కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు. కొత్త మెనూ వేసిన యంత్రం ముందు ఆ దుకాణంలో పనిచేసే మనిషిని కూర్చోబెట్టి మూడు పనులు చెప్పండి. ఒక కాగితం స్కాన్ చేయమనండి. కిందటి ఏడాది చేసిన ఒక శుభలేఖ తెరవమనండి. పని అయ్యాక కంప్యూటర్ ఆపమనండి. మీరు ఏమీ చెప్పకుండా, వేలు చూపించకుండా వెనక నిలబడి చూడండి. ఆ మనిషి ఎక్కడ ఆగిపోతే అక్కడ రాసుకోండి.